45 దాటినవాళ్లను బీపీ, షుగర్ చెకప్‌కు రప్పించేదెలా? నల్గొండ, పాలమూరు వాళ్లు మీ ఊళ్లో జరిగింది చెప్పండి

దేవరకొండ_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఊరు, ఉద్యోగం మీద నల్గొండలో ఉంటున్నాను. ఊళ్లో మా యూత్ వాళ్లు, ఆశ వర్కర్, ఏఎన్ఎం కలిసి బీపీ, షుగర్ చూసే క్యాంపు పెడుతున్నారు. సబ్ సెంటర్ ఊరి నడుమే ఉంది, పరీక్ష ఉచితం, గోలీలు కూడా ఉచితం, అయినా 45 నుంచి 65 మధ్యవాళ్లు రావట్లేదు. వచ్చేదంతా ఇప్పటికే షుగర్ గోలీలు వేసుకుంటున్నవాళ్లు, లేదంటే పింఛన్ తీసుకునే అవ్వలు, తాతలు. అసలు చూపించుకోవాల్సినవాళ్లను ఇంటికి పోయి పిలిస్తే "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న గదా, లేని రోగం అంటగడతరు" అంటారు.

మా పక్కింటి కాక పోయిన ఏడాది పొలంలోనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. 52 ఏళ్లు. పెద్ద దవాఖానకు తీసుకుపోతే పై బీపీ 210 ఉంది, అంతకుముందు ఒక్కసారి కూడా చేతికి పట్టీ కట్టించుకున్న మనిషి కాదు. ఆశమ్మ రోజూ ఆ ఇంటి ముందు నుంచే పోయేది. ఇప్పుడు ఆయన్ను మంచం మీంచి లేపాలంటే ఇద్దరు కావాలి, చిన్నమ్మ కూలికి పోవడం మానేసింది, చిన్న కొడుకు డిగ్రీ ఆపేశాడు. ప్రభుత్వ లెక్క ప్రకారమైతే 30 దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ జరగాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. జనం రావట్లేదని జనాన్నే తిట్టడం నాకు మాత్రం నచ్చట్లేదు. మీ దగ్గర ఏం చేస్తే వచ్చారు, ఏం చేస్తే రాలేదు, జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఏఎన్ఎం_అక్క_హాలియా:
చెల్లీ, మీ క్యాంపు ఎన్నింటికి పెట్టారు? పదింటికి, అదీ పని రోజున పెట్టి ఉంటే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు. నాట్లప్పుడు మా ఆడవాళ్లు ఏడు కాకముందే ఆటో ఎక్కేస్తారు. పత్తి ఏరుడు కిలో లెక్కన కూలి కాబట్టి అరపూట ఆగితే ఆ అరపూట తూకం పోయినట్టే. వాళ్లను పట్టుకుని "ఆరోగ్యం కంటే కూలి ఎక్కువా" అని అడిగే హక్కు నెల జీతం తీసుకునే నాకైతే లేదు.

మేము పొద్దుగూకినాక వాడకట్టు వాడకట్టుకు పోతాం. ఆశ వర్కర్ దగ్గర సీబ్యాక్ ఫారం ఉంటుంది, అందులో వయసు, పొగాకు, మందు, నడుము కొలత, ఒంటికి కదలిక ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ షుగర్ గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి మార్కులు వేస్తారు, 4 దాటితే వాళ్లను ముందు పరీక్షకు పంపాలి. నడుము ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే మార్కు పడుతుంది. టేపు బయటికి తీయగానే పెద్దమ్మలు సిగ్గుపడి లోపలికి పోతారు, అందుకని టేపు కోడలి చేతికిచ్చి అత్తకు కొలవమంటాం. తర్వాత అత్త కోడలికి కొలుస్తుంది. ఇంటికి ఇద్దరు అయిపోతారు.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. ఎండలోంచి నడిచి వచ్చిన మనిషికి వచ్చీరాగానే పట్టీ కట్టొద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టండి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వద్దు, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, అరగంట లోపల చాయ్, బీడీ తాగి ఉండకూడదు, పట్టీ గాలి ఎక్కేటప్పుడు మాట్లాడించకూడదు. 140/90 దాటితే కాసేపాగి మళ్లీ చూడాలి. క్యాంపులో హడావుడిగా చూసి "నీకు బీపీ 160" అని చెప్పి పంపితే, ఆ మనిషి ప్రైవేటుకు పోయి మామూలుగానే ఉందని తెలుసుకుంటే, ఆ వాడకట్టు మొత్తం మళ్లీ మన మొహం చూడదు.

పాలమూరు_టు_పుణె:
మా సంగతి వేరే. మాది కోస్గి వైపు. ఊళ్లో 40 నుంచి 60 మధ్య ఉన్న మగవాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లోనే ఉండరు. పుణె, ముంబైలలో బిల్డింగ్ పనులు, మా నాయన కూడా అంతే. ఆశ వర్కర్ ఇంటికొస్తే ఉండేది అవ్వ, పిల్లలు. పుణెలో మేముండే రేకుల షెడ్ల దగ్గరికి ఎవరూ రారు, అక్కడి లెక్కలో మేము లేము, ఇక్కడి లెక్కలో మేము "ఊళ్లో లేరు". ఇంక క్యాంపుకు రమ్మంటే ఎట్లా వస్తారు?

మా ఊళ్లో ఒక పని బాగా జరిగింది. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు అందరూ ఊరికి వస్తారు, ఉగాదికి వస్తారు. ఆ రోజుల్లో పెట్టిన క్యాంపుకు మగవాళ్లు నిండుగా వచ్చారు. నాయనకు షుగర్ ఉందని అక్కడే తెలిసింది. కానీ తెలిసిన తర్వాత కష్టం మొదలైంది, నెలకు సరిపడా గోలీలు ఇచ్చారు, మేము బస్సెక్కేశాం, నెల అయిపోయినాక పుణెలో ఏ దవాఖానకు పోవాలో, ఏమని చెప్పాలో నాయనకు తెలియదు, మరాఠీ రాదు, గోలీ పేరు గుర్తులేదు. ఖాళీ స్ట్రిప్పు కూడా పారేశాడు. వలస పోయేవాళ్లకు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి, ఇది ఎవరైనా పైవాళ్లకు చెప్పండి దయచేసి.

ఏఎన్ఎం_అక్క_హాలియా:
తమ్మీ, మీ నాయనకు ఆభా నంబర్ (ఆరోగ్య ఖాతా నంబర్) తీయించు, 14 అంకెలు ఉంటాయి, ఆధార్‌తో తీస్తారు. రికార్డు ఆ నంబర్‌కు జోడిస్తే వేరే రాష్ట్రంలో చూపించుకున్నా పాత వివరం తీయడం సులువు. అది ఎంత పని చేసినా చేయకపోయినా చీటీ ఫొటో, గోలీ స్ట్రిప్పు వెనక వైపు ఫొటో ఆయన ఫోన్‌లోనూ నీ ఫోన్‌లోనూ ఉండాలి. బస్సెక్కే ముందు వచ్చి "వలస పోతున్నాం" అని మెడికల్ ఆఫీసర్‌కు చెప్పండి, స్టాక్ ఉంటే ఎక్కువ రోజులకు రాస్తారు. అడగకపోతే అందరికీ ఇచ్చినట్టే ఇస్తారు.

సాక్ష్యం_చూపండి:
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు కానీ చెప్తాను. ఈ చెకప్‌ల పేరుతో జరిగే వ్యాపారం ఎవరూ మాట్లాడరేంటి? హైదరాబాద్ నుంచి ఫోన్లు చేసి రెండు వేలకు 80 పరీక్షలు అంటారు, అందులో ఏదో ఒకటి గీత దాటుతుంది, అక్కడినుంచి స్కానింగ్‌లు, మళ్లీ పరీక్షలు. మా మేనమామకు అట్లనే ఏదో కొంచెం ఎక్కువుందని చెప్పి నెలల తరబడి తిప్పారు, చివరికి ఏమీ లేదన్నారు. అంతకాలం ఆయన తిండి నిద్ర లేకుండా టెన్షన్ పడ్డాడు. 2019లో కొక్రేన్ అని వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే సంస్థ వాళ్లు చేసిన సమీక్షలో 17 ట్రయల్స్, రెండున్నర లక్షల మంది వివరాలు కలిపి చూస్తే ఈ జనరల్ చెకప్‌ల వల్ల చావులు తగ్గినట్టు పెద్దగా కనపడలేదు. మరి జనం రాకపోవడం తప్పెట్లా అవుతుంది?

డాక్టర్_జనరల్_మెడిసిన్:
మీరు చెప్పిన సమీక్ష నిజమే, మీ మేనమామ గారి విషయంలో కోపం కూడా న్యాయమే. అయితే అందులో ఉన్న ట్రయల్స్ ఎక్కువగా యూరప్, అమెరికాలవి. అక్కడ చెకప్‌కు పిలవకపోయినా మనిషి వేరే పని మీద డాక్టర్ దగ్గరికి పోతూనే ఉంటాడు, పోయినప్పుడల్లా బీపీ చూస్తారు. చెకప్ కొత్తగా బయటపెట్టేది అక్కడ తక్కువ. మన దగ్గర పైన చెప్పిన 52 ఏళ్ల ఆయన జీవితంలో ఒక్కసారి పట్టీ కట్టించుకోలేదు. ఆ తేడా మర్చిపోయి అక్కడి ఫలితం ఇక్కడికి తెస్తే పొరపాటు.

80 పరీక్షల ప్యాకేజీ నేను కూడా ఎవరికీ చెప్పను. లక్షణాలు లేని మనిషికి ట్యూమర్ మార్కర్లు (క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్షలు), విటమిన్లు, మొత్తం ఒంటికి స్కాన్ చేస్తే భయం తప్ప మిగిలేది తక్కువ. నేను అడిగేది చాలా చిన్నది. 30 దాటితే బీపీ, షుగర్. నోరు తెరిపించి చూడటం, అందులోనూ గుట్కా, తంబాకు, బీడీ అలవాటున్నవాళ్లకు తప్పకుండా. ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం, రొమ్ము పరీక్ష. ఇవి ఎందుకంటే దొరికితే చేయడానికి చవకైన వైద్యం ఉంది, అది మన పీహెచ్‌సీలోనే దొరుకుతుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, పెద్దవాళ్లలో 35 శాతానికి బీపీ ఉంది. బీపీకి తలనొప్పి రావాలని, కళ్లు తిరగాలని జనం ఎదురుచూస్తారు. చాలామందిలో ఏమీ రాదు, నేరుగా స్ట్రోకే వస్తుంది, లేదా కిడ్నీలు పోయాక కాళ్లకు నీరొస్తుంది.

"ఆరోగ్యశ్రీ ఉంది గదా సార్, ఏమైనా అయితే చూసుకుందాం" అనేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, మంచిదే. కానీ అది దవాఖానలో చేరాక అయ్యే ఖర్చుకు. చచ్చుబడిన చెయ్యి కదలాలంటే 10 లక్షలు పెట్టినా గ్యారంటీ లేదు, నెల నెలా వేసుకునే బీపీ గోలీ మాత్రం పీహెచ్‌సీలో ఉచితం.

లండన్_సూర్యాపేట:
మేము లండన్ శివార్లలో ఉంటాం, సొంతూరు సూర్యాపేట. ఇంగ్లండ్‌లో 2009 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) హెల్త్ చెక్ అని ఉంది, 40 నుంచి 74 ఏళ్ల మధ్య, గుండెజబ్బు, షుగర్, కిడ్నీ జబ్బు లాంటివి ముందే లేనివాళ్లను ఐదేళ్లకోసారి పిలుస్తారు. రూపాయి ఖర్చు లేదు, ఉత్తరం వస్తుంది, మెసేజ్ వస్తుంది, మా క్లినిక్‌లో సాయంత్రం అపాయింట్‌మెంట్ కూడా దొరుకుతుంది. ఇంతా చేసి పిలిచినవాళ్లలో వచ్చేది సుమారు సగం మంది, చాలా ఏళ్లలో సగం కూడా లేరు. కాబట్టి మన ఊళ్లవాళ్లకు చదువు లేదు, తెలివి లేదు అనేవాళ్లు దయచేసి ఆ మాట అనకండి.

అదే దేశంలో పెద్దపేగు క్యాన్సర్ కిట్ 50 నుంచి 74 ఏళ్లవాళ్లకు రెండేళ్లకోసారి ఇంటికే పోస్టులో పంపుతారు, ఇంట్లోనే కాస్త మలం తీసి డబ్బాలో పెట్టి తిరిగి పోస్టు చేయాలి. వినడానికే ఇబ్బందిగా ఉండే పరీక్ష అది, అయినా మూడింట రెండొంతుల మంది చేసి పంపుతారు. ఇంటికొచ్చిన పరీక్షకు, మనం పోవాల్సిన పరీక్షకు ఉన్న తేడా ఇదేనని నేను నమ్ముతున్నాను. ఇంకో విషయం, మన దక్షిణాసియా వాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 దాటగానే ఎక్కువ బరువు కిందే లెక్కేస్తారు ఇక్కడ, తెల్లవాళ్లకు 25. సన్నగానే ఉన్నాను నాకేం కాదు అనే మన అన్నలకు ఈ మాట చెప్పండి.

సూర్యాపేట_వదిన:
ఆడవాళ్ల పరీక్షల దగ్గరికొచ్చేసరికి అందరూ ఒక్క లైన్‌లో చెప్పి వదిలేస్తున్నారు. నేను మహిళా సంఘంలో పని చేస్తాను, బీపీకి వచ్చిన అక్కలే గర్భసంచి ముఖద్వారం పరీక్ష అనగానే లేచిపోతారు. దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 2 శాతం కూడా లేరని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. 2 శాతం! ఇది బిడియం వల్ల ఒక్కటే అంటే నేను ఒప్పుకోను, ఏం చేస్తారో ఎవరూ ముందు చెప్పరు, అసలు భయం అక్కడుంది.

ఏం చేస్తారో నేను చెప్తాను. బల్ల మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, లోపల ముఖద్వారం కనపడేలా ఒక పరికరం పెట్టి, పలచటి ఎసిటిక్ ఆసిడ్ దూదితో అద్దుతారు, మన ఇళ్లలో వాడే వెనిగర్ లాంటిదే. ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్ల మచ్చ లాగా తేలితే ఇంకా చూడాలి అని అర్థం, క్యాన్సర్ అని కాదు. కొంచెం చురుక్కుమంటుంది, కోత లేదు, మత్తు లేదు, ఐదు పది నిమిషాల్లో చీర సర్దుకుని బయటికి రావచ్చు. 30 నుంచి 65 మధ్య ఐదేళ్లకోసారి చాలు. క్యాన్సర్ రాకముందు మార్పులను అక్కడే నయం చేసే వీలుంది, అందుకే ఇంత మొత్తుకుంటున్నాను.

మా సంఘంలో మొదట ఒకామె చేయించుకుని వచ్చి మీటింగ్‌లో అందరి ముందు చెప్పింది, అంతే, ఆ తర్వాత నలుగురు, ఆ తర్వాత ఆటో నిండా. చెప్పింది నేనైతే వినేవాళ్లు కాదు, వాళ్లతో పాటు కలుపు తీసే మనిషి చెప్పింది కాబట్టి విన్నారు. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పుడు మంగళవారం ఆడవాళ్లకే, చూసేది కూడా ఆడ డాక్టర్లే అని పెట్టారు, ఆ ఏర్పాటు చాలా మంచిది. మీ పీహెచ్‌సీలో ఏ రోజు ఎవరు చూస్తున్నారో కనుక్కుని గుంపుగా పొండి.

నారాయణపేట_మగ్గం:
మా దగ్గర ఇంకో కారణం ఉంది, బయటికి ఎవరూ అనరు. ఇంట్లో బిడ్డకు సంబంధాలు చూస్తున్నప్పుడు తల్లికో తండ్రికో షుగర్ అని వీధిలో తెలిస్తే "వంశంలో ఉందట" అంటారు. అందుకని పెళ్లయ్యేదాకా పరీక్షే వద్దు అంటారు, మగ్గం మీద పొద్దంతా కూర్చుని పని చేసే 50 ఏళ్ల మనిషి, దాహం ఎక్కువై రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నాడు, అయినా పోడు. క్యాంపులో మైకు పెట్టి పేరు పిలిచి "మీకు 280 ఉంది" అని అందరి ముందు చెప్తే ఇంక ఎవరొస్తారు. ఫలితం చెప్పేది పక్క గదిలో, తలుపు వేసి, ఒక్కరికే చెప్పాలి. గది లేకపోతే కనీసం చెట్టు కిందికి తీసుకుపోయి చెప్పండి.

దేవరకొండ_అమ్మాయి:
అన్నా, ఈ మాట నాకు తట్టనే లేదు. మా దగ్గర స్కూల్ వరండాలో బల్ల వేసి, రిజిస్టర్ రాసేవాళ్లు గట్టిగా చదివితే పక్కన రాసుకుంటారు. అది మార్చాలి. థాంక్స్.

ల్యాబ్_మిర్యాలగూడ:
ల్యాబ్ టెక్నీషియన్‌గా రెండు విషయాలు. పరగడుపున రావాలి అనగానే సగం మంది ఆగిపోతారు, రైస్ మిల్లు హమాలీ పొద్దున తినకుండా బస్తా ఎట్లా ఎత్తుతాడు? మొదటి వడపోతకు పరగడుపు అవసరం లేదు. వేలు పొడిచి ర్యాండమ్ షుగర్ చూసి 140 దాటినవాళ్లను మాత్రం తర్వాత పక్కా పరీక్షకు పంపితే సరిపోతుంది. హెచ్‌బీఏ1సీకి కూడా పరగడుపు అక్కర్లేదు, అది మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ కింద లెక్క. రక్తహీనత బాగా ఉన్నవాళ్లలో అది తేడాగా రావచ్చు, డాక్టర్ చూసుకుంటారు. 2021 జూన్ నుంచి జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలున్నాయి, మన నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో కూడా. పీహెచ్‌సీలో రక్తం తీస్తే అక్కడికి పోతుంది, ప్రైవేటులో డబ్బు పెట్టక్కర్లేదు.

రెండోది, రిపోర్టు ఇంగ్లీషులో ఫోన్‌కు వస్తుంది, ఫోన్ కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో. తల్లికి ఏం వచ్చిందో తల్లికి తెలియదు. పరీక్ష చేయించుకున్నా ఏమీ చెప్పలేదు, ఇంక ఎందుకు పోవాలి అని వచ్చేసారి రారు. బాగుంటే బాగుందని కూడా ఫోన్ చేసి చెప్పాలి. "అమ్మా, నీకు షుగర్ లేదు, వచ్చే ఏడాది మళ్లీ చూద్దాం" అంటే ఆ అమ్మ ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వస్తుంది.

మర్రిగూడ_రిటైర్డ్_టీచర్:
పిల్లలందరూ మంచి విషయాలు రాస్తున్నారు. మా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మాది. ఇప్పుడు మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లల పళ్లు బాగున్నాయి, కానీ 50 దాటినవాళ్ల ఎముకల్లో చేరింది చేరినట్టే ఉంది. అందుకని నడుము పట్టేసినా, ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా అంతా ఫ్లోరైడే అనుకుంటారు, చూపించుకోరు. ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది, గోలీ. ఏళ్ల తరబడి. నాతో పని చేసిన ఒక టీచర్ మోకాళ్లకు అట్లా రోజూ వేసుకుని వేసుకుని కిడ్నీలు పోగొట్టుకున్నాడు, ఆయనకు బీపీ ఉన్న సంగతి డయాలసిస్ మొదలైనప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి నాకు ఈ విషయం మీద మనసు కుదురుగా ఉండదు. మా వైపు క్యాంపు పెట్టేవాళ్లు బీపీ, షుగర్‌తో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా చూడాలి, నొప్పి గోలీలు వాడుతున్నారా అని తప్పక అడగాలి.

ఇంకో అనుభవం. 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైనప్పుడు ఇదే జనం, ఇదే ఊరు, లైన్లు కట్టారు. రాష్ట్రం మొత్తం కోటిన్నర మందికి పైగా చూపించుకున్నారు. ఎందుకు? చూపించుకున్న చోటే కళ్లద్దాలు చేతిలో పెట్టారు, మా ఇంట్లో ఆమె ఆ సాయంత్రమే బియ్యంలో రాళ్లు ఏరింది. బీపీ చూపించుకుంటే చేతికి ఏమొస్తుంది? ఒక చీటీ, "నల్గొండకు పొండి" అనే మాట. క్యాంపులోనే డాక్టర్ ఉండి, అవసరమైనవాళ్లకు అక్కడే మొదటి నెల గోలీలు ఇచ్చేస్తే మనిషి నిలబడతాడు.

డాక్టర్_జనరల్_మెడిసిన్:
సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. నొప్పి మాత్రల్లో చాలావరకు బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, అప్పటికే బీపీ, షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ ప్రమాదం. గోలీలు మధ్యలో ఆగకుండా ఊళ్లోనే దొరకాలన్నది బీపీ నియంత్రణకు కేంద్రం మొదలుపెట్టిన ఐహెచ్‌సీఐలో ముఖ్యమైన అంశం, మొదట తీసుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే రకం సులువైన మందుల పద్ధతి, నెలకోసారి సబ్ సెంటర్‌లో మళ్లీ గోలీలు, రానివాళ్లకు ఫోన్. ఇది సరిగా జరిగిన చోట బీపీ అదుపులోకి వచ్చింది, నా కళ్లతో చూశాను. జరగని చోట...

ఏఎన్ఎం_అక్క_హాలియా:
జరగని చోట నేను చెప్తాను సార్. గోలీలు తక్కువొస్తాయి, నెలకు ఇవ్వాల్సింది పది రోజులకు ఇస్తాం, పది రోజులకోసారి కూలి మానుకుని ఎవరొస్తారు, రెండుసార్లు వస్తారు, మూడోసారి స్టాక్ లేదంటాం, అంతే. మళ్లీ ఆశ వర్కర్‌ను పంపి పిలవమంటే ఆమె మొహం ఎట్లా పెట్టుకుని పోతుంది? హాజరు తక్కువ అని మీటింగుల్లో మమ్మల్ని నిలబెడతారు. హాజరు మా చేతిలో ఎంత ఉందో, గోడౌన్ చేతిలో అంతకంటే ఎక్కువ ఉంది. ఇది కోపంతో రాస్తున్నాను, కానీ నిజం.

జడ్చర్ల_అకౌంట్స్:
చిన్న సమాచారం. పట్నంలో ఉద్యోగం చేస్తూ తల్లిదండ్రులకు చెకప్ చేయించే పిల్లలకు, పాత పన్ను విధానంలో ఉంటే, ఆరోగ్య బీమా మినహాయింపు సెక్షన్ (80డీగా పిలిచేది) కింద ముందుజాగ్రత్త పరీక్షలకు 5,000 దాకా మినహాయింపు ఉంది, ఆ సెక్షన్ మొత్తం పరిమితి లోపలే. నగదుగా కట్టినా వర్తిస్తుంది. రసీదు దాచుకోండి.

సాక్ష్యం_చూపండి:
డాక్టర్ గారి జవాబు బాగుంది. బీపీ, షుగర్, నోరు, ఆడవాళ్ల పరీక్ష వరకు నాకు అభ్యంతరం లేదు, ప్యాకేజీల మీద నా మాట మాత్రం మారదు. ఒక ప్రశ్న. వచ్చేదంతా ఆడవాళ్లు, పెద్దవాళ్లే. 50 ఏళ్ల మగవాణ్ని ఎక్కడ పట్టుకోవాలి? వాడు సబ్ సెంటర్‌కు రాడు, సంఘం మీటింగ్ లేదు, ఇంట్లో రాత్రి తొమ్మిదికి గానీ ఉండడు, అప్పటికి తాగి ఉంటాడు.

పాలమూరు_టు_పుణె:
ఎక్కడ నిలబడతాడో అక్కడికి పోవాలి అన్నా. పొద్దున కూలి అడ్డా, ఆటో స్టాండు, మిల్లు గేటు. మా మేస్త్రి ఒకసారి పుణెలో సైటు దగ్గరికే టెస్టులవాళ్లను పిలిపించాడు, పని టైమ్‌లోనే, కూలి కోయకుండా. ఒక్కరు కూడా వద్దనలేదు.

దేవరకొండ_అమ్మాయి:
మా ఊళ్లో మగవాళ్లు పొద్దున ఆరు, ఆరున్నరకు పాల కేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని లైన్లో ఉంటారు, 45 నుంచి 65 వాళ్లే ఎక్కువ. తూకం, వెన్న శాతం చూసేదాకా ఖాళీగా నిలబడాల్సిందే. ఇదంతా చదివాక అక్కడే పెడదామనిపిస్తోంది. పాల కేంద్రం పక్కన గది ఉంది, తలుపు ఉంది, ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చూడొచ్చు. ఆడవాళ్లకు సంఘం మీటింగ్ రోజు సాయంత్రం వేరే. యూత్ గ్రూపులో ఇప్పుడే పెట్టాను. మెడికల్ ఆఫీసర్‌ను అడిగి క్యాంపు రోజుకు ముందే నెలకు సరిపడా గోలీలు తెప్పించగలిగితేనే పెడదాం, లేకపోతే తేదీ జరుపుదాం అని కూడా రాశాను. అక్కా, పొద్దున చాయ్ తాగే వస్తారు కదా, బీపీకి ఇబ్బందా?

ఏఎన్ఎం_అక్క_హాలియా:
మంచి ఆలోచన చెల్లీ. చాయ్ తాగి వచ్చినవాళ్లకు ముందు టోకెన్ ఇచ్చి, షుగర్ చూసి, పేరు, వివరాలు రాసి, నోరు చూసి, అరగంట గడిచాక చివర్లో బీపీ చూడండి. క్యాను దించి పరుగున వచ్చినవాణ్ని కూర్చోబెట్టాలి, అది మరవొద్దు. ఇంకోటి, లావు చేతులకు పెద్ద సైజు పట్టీ అడిగి తెచ్చుకో, చిన్న పట్టీ కడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. సబ్ సెంటర్‌లో లేకపోతే పీహెచ్‌సీలో ఉంటుంది.

మర్రిగూడ_రిటైర్డ్_టీచర్:
క్రియాటినిన్‌కు రక్తం తీసే మనిషి కూడా కావాలి, అది ముందే మాట్లాడుకో అమ్మా. మా వైపు కూడా పాల కేంద్రాలున్నాయి, మీ దగ్గర ఎట్లా జరిగిందో ఇక్కడే రాయి.

దేవరకొండ_అమ్మాయి:
రాస్తాను సార్. పట్టీ, రక్తం తీసేవాళ్లు, గోలీలు, మూడూ రేపే పీహెచ్‌సీకి పోయి అడుగుతాను.